తలుపులు మూసిన గదిలో అన్న మాట

ఆ పరిశోధన సంస్థలో ఎవరిని ఏ శాఖలో వేస్తే ఆ శాఖే వాళ్ళ పేరైపోతుంది. ధరలూ పన్నులూ చూసే పెద్దాయన ‘ఆర్థికం గారు’. జేబుదొంగల దగ్గర్నించి యుద్ధాల దాకా అన్నీ చూసే ఆవిడ ‘భద్రత మేడమ్’. మన మనిషి ‘సామాజికం గారు’. ముసలివాళ్ళ పింఛన్లు, బడి మానేసిన పిల్లలు, తలదాచుకోవడానికి గూడు లేనివాళ్ళు, ఇలాంటివన్నీ ఆయన వంతు. ఇంతకీ ఆ సంస్థ చేసే పనేమిటయ్యా అంటే, ఉన్న సమస్యలన్నిటి మీదా పేపర్లు రాయడం, వాటి మీద సభలు పెట్టడం, ప్రభుత్వానికి సలహాలు చెప్పడం. ప్రభుత్వం అడిగినా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది. అడక్కుండా చెప్పినవే ఎక్కువ.

సామాజికం గారు చెడ్డవాడు కాదు. ఆ మాట ముందే చెప్పేస్తే ఓ పనైపోతుంది. బాగా చదువుకున్నవాడు, ఒకరి సొమ్ము ఆశించనివాడు, భార్యని పల్లెత్తు మాట అననివాడు. కానీ కుళ్ళు. అబ్బబ్బ, ఏం కుళ్ళు! పక్కవాడి కప్పులో టీ ఒక గుక్క ఎక్కువ పోస్తే ఈయన గొంతు ఎండిపోతుంది. ఆ సంగతి ఆయనకీ తెలుసు. తెలిసి ఏం లాభం? అది దగ్గులాంటిది. ఆపుకుందామనుకున్న కొద్దీ ఇంకా గట్టిగా వస్తుంది.

భద్రత మేడమ్ ఉద్యోగంలో చేరేనాటికే ఆయన అక్కడ పాతకాపు. మొదటి రోజు ఆవిడ గదిలోకొచ్చి, “నమస్కారం సార్, కాలేజీలో మీ పేపర్లు చదువుకున్నాం,” అంది. ఆయన ఉబ్బిపోయాడు. ఆ ఉబ్బు దిగడానికి ఎంతో కాలం పట్టలేదు. ఆవిడ సభ పెడితే కింద అంతస్తులో పెద్ద హాలు ఇస్తారు. జనం గోడలకి ఆనుకుని మరీ నిలబడతారు. ఈయన సభ పెడితే మేడ మీద గది, ఏసీ మోత, ముందు రెండు వరసలూ ఖాళీ. వచ్చిన నలుగురిలో ఇద్దరు బిస్కెట్ల కోసం వచ్చినవాళ్ళు. రిటైరైన పెద్దమనిషి ఒకాయన ప్రతి సభకీ తప్పకుండా వచ్చి, సభ దేని గురించైనా సరే, చివర్లో లేచి “మా వీధికి నీళ్ళెప్పుడొస్తాయి?” అని అడుగుతాడు. ఆ పెద్దమనిషి కూడా తన సభ ఎగ్గొట్టి ఆవిడ సభకి వెళ్ళాడని తెలిసిన రోజున సామాజికం గారికి అన్నం సహించలేదు.

“భయం అమ్ముకుంటోంది,” అనేవాడు ఇంటికొచ్చి. “బాంబులంటే వస్తారు, బడులంటే రారు. అంతేగా!”

“అంతేనండీ,” అనేది భార్య, బట్టలు మడతపెడుతూ. ఆవిడ ఆసుపత్రిలో రక్తపరీక్షల గదిలో పనిచేస్తుంది. సూది చూసి గగ్గోలు పెట్టేవాళ్ళని రోజంతా ఊరడించి వస్తుంది కాబట్టి ఇంట్లో ఈ ఒక్క మనిషిని ఊరడించడం ఆవిడకో లెక్క కాదు.

ఇప్పుడు ఆ సంస్థలో ఉన్న ఒక కట్టుబాటు గురించి చెప్పాలి. కథంతా దాని మీదే నడిచింది. మేడ మీద పొడుగాటి బల్ల ఉన్న గది ఒకటుంది. అప్పుడప్పుడూ పోలీసు అధికారుల్ని, నగరపాలక సంస్థ వాళ్ళని, వ్యాపారుల్ని, ప్రొఫెసర్లని పిలిచి, తలుపులు మూసి మాట్లాడిస్తారు. బయట మైకుల ముందు అనలేని మాటలు అక్కడ అంటారు. అలా అనాలంటే ధైర్యం ఉండాలి కదా, అందుకని గది గుమ్మం పక్కన ఒక బోర్డు పెట్టారు: “ఇక్కడ విన్న మాటని బయటికి తీసుకెళ్ళవచ్చు. అన్న మనిషిని తీసుకెళ్ళకూడదు.” అన్నవాళ్ళు తమంతట తాము ఒప్పుకుంటే తప్ప వాళ్ళ పేరు ఎక్కడా రాయకూడదు, చెప్పకూడదు. మీటింగు కాగితాల్లో కూడా ‘ఒకరు ఇలా అన్నారు’ అనే ఉంటుంది. ఆ బోర్డు మీది మాటలు ఎవరివనుకున్నారు? సామాజికం గారివే. ఒకసారి కొత్తగా చేరిన కుర్ర రీసెర్చర్ ఒకడు టీ బల్ల దగ్గర నోరుజారి ఫలానా అధికారి ఫలానా మాటన్నాడని చెప్పేస్తే, అందరిముందూ వాణ్ణి చెడామడా దులిపేశాడు కూడా.

సరే. ఒక వేసవి మధ్యాహ్నం ఆ గదిలో బజారు వీధుల భద్రత మీద మాటలు నడుస్తున్నాయి. చీకటి పడితే బజార్లలో దొంగతనాలు, ఆడవాళ్ళు నడవలేకపోవడం, ఏం చేద్దాం అని. కెమెరాలు పెంచుదాం అన్నారొకరు. పోలీసు ఔట్‌పోస్టులు రెట్టింపు చేద్దాం అన్నారింకొకరు. సామాజికం గారు ఓ మూల కూర్చున్నాడు. ఆయన్ని ఎవరూ ఏమీ అడగలేదు. అందరూ భద్రత మేడమ్ వైపే తిరిగి, “మీరేమంటారు మేడమ్, మీరేమంటారు మేడమ్” అంటుంటే చూసి చూసి ఒళ్ళు మండిపోయింది.

“అసలు ఆ ఔట్‌పోస్టులు ఎత్తేయండి,” అన్నాడు ఉన్నట్టుండి. “సాయంత్రం కాగానే కొట్లు మూయించేసి, ఖాళీ వీధికి కాపలా పెడతారా? కొట్లు ఆలస్యంగా మూసుకోనివ్వండి. ఔట్‌పోస్టుకయ్యే ఖర్చు పెట్టి వీధి నిండా దీపాలు వేయండి. మనుషులు మసలే చోట భయం ఉండదు.”

ఒక పోలీసు అధికారి నవ్వి, “సామాజికం గారు కవిత్వం చెబుతున్నారు,” అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన ముఖం కందగడ్డ అయింది. ఆ తర్వాత మీటింగు అయ్యేదాకా నోరు విప్పితే ఒట్టు. నవ్వనిది భద్రత మేడమ్ ఒక్కతే, కానీ ఆయన అది చూడలేదు. చూసినా నమ్మేవాడు కాదు.

కొన్నాళ్ళు పోయాక మెట్ల మలుపు దగ్గర ఆవిడ ఆయన్ని ఆపింది. చేతిలో టీ కప్పు, భుజానికి సంచి, ఎండలో తిరిగి తిరిగి ముఖం నల్లబడి ఉంది.

“సార్, ఒక్క నిమిషం. ఆ రోజు మీరన్న మాట నన్ను వదల్లేదు. బజారు వీధులన్నీ తిరుగుతున్నాను. కొట్లవాళ్ళతో మాట్లాడుతున్నాను. దాని మీద పేపర్ రాద్దామనుకుంటున్నాను.” కాస్త ఆగింది. “కలిసి రాద్దామా సార్? పోనీ కుదరకపోతే, మీ పేరైనా పెట్టనిస్తారా?”

ఎవరైనా ఏం చేస్తారు? ఎగిరి గంతేసి “సరేనమ్మా” అంటారు. కానీ ఆ నిమిషంలో సామాజికం గారి చెవిలో పోలీసు అధికారి నవ్వు మోగింది. ఈ కవిత్వాన్ని పట్టుకుని ఈవిడ పెద్ద హాల్లో నిలబడుతుంది, అందరూ నవ్వుతారు, అప్పుడు తెలుస్తుంది అనుకున్నాడు. పడనీ. ఒక్కసారైనా బోర్లా పడనీ. ఆ ఆలోచనకి ఆయన మనసు ఎంత చల్లబడిందో చెప్పలేం.

“గుమ్మం పక్కన ఏం రాసుందమ్మా?” అన్నాడు, పెద్దరికంగా. “మనిషిని బయటికి తీసుకెళ్ళకూడదు. నియమం నాకోసం మార్చక్కర్లేదు.”

“మీరు ఒప్పుకుంటే పెట్టొచ్చు కదా సార్?”

“నేను ఒప్పుకోను.”

“మీ ఇష్టం సార్,” అంది ఆవిడ. మెట్లు దిగిపోయింది. ఈయన ఈల వేసుకుంటూ మెట్లెక్కాడు.

తర్వాతేమైందో మీరు ఊహించే ఉంటారు. ఆవిడ బోర్లా పడలేదు. పేపర్ బయటికొచ్చింది. నగరపాలక సంస్థ కొత్త కమిషనర్ అది చదివి ముచ్చటపడి, కొన్ని వీధుల్లో చేసి చూద్దామన్నాడు. ఔట్‌పోస్టులు తీసేశారు, కొట్లు ఆలస్యంగా మూస్తున్నారు, కొత్త దీపాలు వెలిగాయి. జనం సాయంత్రాలు పిల్లల్ని వెంటేసుకుని బజారుకి రావడం మొదలెట్టారు. దొంగతనాలు తగ్గాయని పత్రికలు రాశాయి. వేరే నగరాల నుంచి మనుషులొచ్చి చూసి వెళ్ళారు. కవిత్వం అని నవ్విన ఆ అధికారే టీవీలో కూర్చుని, “మేము మొదటి నుంచీ ఇదే చెబుతున్నాం,” అన్నాడు.

సామాజికం గారు ఆ పేపర్‌ని దొంగచాటుగా చదివాడు. గది తలుపు గడియ పెట్టుకుని చదివాడు. ఒక్క తప్పు దొరికితే చాలు, ఒక్కటంటే ఒక్కటి. దొరకలేదు. మొదటి పేజీ అడుగున మాత్రం చిన్న అక్షరాల్లో ఒక వాక్యం కనపడింది: “ఈ పరిశోధన, తలుపులు మూసిన సమావేశంలో ఒకరు అన్న మాట నుంచి పుట్టింది. ఆ మాట లేకపోతే ఇది లేదు.”

ఒకరు! ఇన్నేళ్ళ సర్వీసు, ఇంత జుట్టు రాలగొట్టుకుని చేసిన చాకిరీ, ఆఖరికి ‘ఒకరు’! ఎవరిని తిట్టాలి? మింగలేడు, కక్కలేడు. ఆవిడ అడిగింది, తనే వద్దన్నాడు. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడ మీద కోపం రెట్టింపయ్యేది. రెండోసారి అడగొచ్చు కదా? బతిమాలొచ్చు కదా? పెద్దవాడు మొహమాటానికి వద్దంటే, నిజంగానే వద్దనుకుంటారా ఎవరైనా? ఇలా సాగేది ఆయన వాదన, అద్దం ముందు గడ్డం గీసుకుంటూ, సిగ్నల్ దగ్గర ఆగిన కారులో కూర్చుని, నిద్దట్లో కూడా.

ఇక ఇంట్లో అత్తగారు. మామగారు పోయినప్పట్నించీ ఆవిడ వీళ్ళ దగ్గరే ఉంటోంది. టీవీలో వార్తలు చూడడం తప్ప ఆవిడకి వేరే వ్యాపకం లేదు.

“చూడండి బాబూ, ఆ అమ్మాయి ఎంత చక్కగా చెబుతోందో! గడగడా, తడుముకోకుండా. మీ ఆఫీసేనా?”

“ఆఁ.”

“మీకు తెలుసా?”

“తెలుసు.”

“అయితే ఓసారి భోజనానికి పిలవకూడదూ? కళ్ళారా చూస్తాను.”

పుండు మీద కారం చల్లినట్టయింది. ఇక ఆగలేకపోయాడు. “అత్తయ్యగారూ, ఆ మాట నాది,” అన్నాడు.

“ఏ మాట?”

“ఔట్‌పోస్టులు ఎత్తేసి కొట్లు తెరిచి ఉంచమన్నది. నేనన్నాను. ఆవిడ రాసుకుంది.”

అత్తగారు టీవీ సౌండు తగ్గించింది. “మరి మీ పేరు చెప్పదేం?”

“చెప్పకూడదని నియమం ఉంది.”

“ఎవడు పెట్టాడు ఆ దిక్కుమాలిన నియమం?”

సామాజికం గారు పేపరు తిరగేస్తూ కూర్చున్నాడు. వంటింట్లోంచి భార్య మాత్రం తడి చేతులతోనే బయటికొచ్చింది. “నిజంగా మీదేనా?” అంది. ఆ కళ్ళల్లో మెరుపు చూసి ఆయనకి ప్రాణం లేచొచ్చింది. అవునన్నాడు. ఆ రోజు గదిలో ఎలా అన్నాడో, అందరూ ఎలా నిర్ఘాంతపోయారో కాస్త రంగులద్ది చెప్పాడు. నవ్విన సంగతి చెప్పలేదు. మెట్ల మలుపు దగ్గరి సంగతి అసలే చెప్పలేదు. “పాపం, ఎంత బాధగా ఉంటుందండీ,” అని భార్య ఆయన భుజం నిమిరింది. అక్కణ్ణించి మొదలు, ప్రతి సాయంత్రం ఆ ఇంట్లో అదే భారతం. పద్మవ్యూహంలో అభిమన్యుణ్ణి కూడా అన్నిసార్లు చంపి ఉండరు.

ఎన్నో ఏళ్ళుగా ఆయన ఎదురుచూసేది ఒకటుంది. సంస్థ ఏటా ఒక వార్షికోపన్యాసం పెడుతుంది. ఒక్కరే మాట్లాడతారు. నగరంలో పెద్దలందరూ వస్తారు. ఆ ఉపన్యాసం చేసినవాళ్ళ ఫోటో హాలు బయట గోడ మీద శాశ్వతంగా ఉంటుంది. ఈసారైనా తన వంతు వస్తుందని ఆయన ఆశ. డైరెక్టర్ గారు పిలిపించారు. చెయ్యి పట్టుకుని మరీ కూర్చోబెట్టారు. ఆ మర్యాదకే ఆయన సగం చచ్చాడు.

“ఈసారి భద్రత మేడమ్‌ని అనుకున్నాం. మీరేమంటారు?”

“మంచి ఎంపిక,” అన్నాడు సామాజికం గారు. ఆ రెండు మాటలూ పళ్ళ సందుల్లోంచి ఎలా బయటపడ్డాయో ఆయనకే తెలియాలి.

“సభ మీరే నడపాలి సుమా. మీలాగా నడిపేవాళ్ళు ఈ ఊళ్ళో లేరు.”

సభ నడపడం అంటే తెలుసుగా. వక్తని పొగిడి పరిచయం చేయాలి, మంచినీళ్ళు అందుతున్నాయో లేదో చూడాలి, “ప్రశ్న అడగండి, ఉపన్యాసం ఇవ్వకండి” అని జనాన్ని అదుపు చేయాలి, ఆఖర్న నాలుగు ముగింపు మాటలు చెప్పాలి. తన సొంత అభిప్రాయం ఒక్కటీ చెప్పకూడదు. ఆయన కాదనబోయి ఆగాడు. ముగింపు మాటలు! ఆ ఆలోచన రాగానే ముఖం విప్పారింది. మాట అన్న మనిషి తనంతట తాను ఒప్పుకుంటే చెప్పొచ్చని కదా నియమం? అందరూ లేవబోయే ముందు, నిదానంగా, నవ్వుతూ అంటాడు: “ఈ పరిశోధనకి మూలమైన మాట అన్న ఆ ‘ఒకరు’ ఎవరో తెలుసుకోవాలని మీకు ఉండొచ్చు.” ఒక్క క్షణం ఆగుతాడు. ఆ తర్వాత చెబుతాడు. ఇక ఆవిడ ఎన్ని టీవీల్లో కనపడితే మాత్రమేం, ఆ మాట మాత్రం తనదై ఉంటుంది. ఎవరూ లాక్కోలేరు.

“నువ్వూ అత్తయ్యగారూ తప్పకుండా రండి,” అన్నాడు భార్యతో. “ఆఖరిదాకా కూర్చోండి. ఆఖర్లోనే ఉంది అసలు సంగతి.”

భార్యకి అర్థమైంది. ఆసుపత్రిలో సెలవు పెట్టింది. అత్తగారు కొత్త కళ్ళజోడు చేయించుకుంది.

ఆ సాయంత్రం హాలు కిక్కిరిసిపోయింది. అదనంగా వేసిన కుర్చీలూ నిండాయి. వేదిక మీద రెండే కుర్చీలు, రెండు మైకులు, బల్ల మీద మడతపెట్టిన అట్టల మీద వాళ్ళ హోదాలు. రెండో వరసలో భార్య, అత్తగారు. భద్రత మేడమ్ ఒక గంట సేపు మాట్లాడింది. కుళ్ళుబోతుక్కూడా కాదనడానికి లేదు, బాగా మాట్లాడింది. మెప్పులు చెప్పుకోలేదు. అన్ని వీధుల్లోనూ ఇది కుదరలేదనీ, కొన్ని సందుల్లో దీపాలు మాడిపోతే నెలల తరబడి మార్చలేదనీ, ఔట్‌పోస్టు తీసేయడంలో ఉన్న తొందర దీపం పెట్టడంలో లేదనీ, ఆ అధికారుల ముందే అనేసింది. తను ఇంకా గట్టిగా వెంటపడి ఉండాల్సింది అని కూడా అంది. చప్పట్లు మోగాయి. సామాజికం గారు కూడా కొట్టాడు, వేళ్ళ చివర్లతో.

ప్రశ్నలు మొదలయ్యాయి. మామూలుగానే ముందు ఆ పెద్దమనిషి లేచి నీళ్ళ గురించి అడిగాడు. హాలంతా నవ్వింది. తర్వాత వెనకవరసలోంచి ఒకామె లేచింది. నలభై ఏళ్ళుంటాయేమో. మైకు నోటికి మరీ దగ్గరగా పట్టుకోవడంతో గీమని శబ్దం వచ్చింది. భయపడి దూరం పెట్టుకుంది.

“మా ఆయన గొడుగులు బాగుచేస్తాడండీ,” అంది. “గడియారాల బజారు వెనకాల సందులో మా కొట్టు. కొట్లు ఎక్కువసేపు తెరవొచ్చన్నారని తెరిచి కూర్చున్నాడు. ముందు మా సందు మొగలో పోలీసాయన ఉండేవాడు. తీసేశారు. దీపం మాడిపోయింది. ఇద్దరొచ్చి మా ఆయన్ని కొట్టారండీ. కుడిచెయ్యి విరిగింది. కట్టు విప్పారు గానీ వేళ్ళు మడవలేకపోతున్నాడు. గొడుగు పుల్ల పట్టుకోలేడు.” మైకు రెండో చేతిలోకి మార్చుకుని మళ్ళీ అంది. “అందరూ మంచి పని మంచి పని అంటున్నారు. కావచ్చు. ఆ పోలీసాయన్ని తీసెయ్యమని మొట్టమొదట అన్నది ఎవరండీ? నాకు వాళ్ళని చూడాలనుంది.”

భద్రత మేడమ్ మైకు దగ్గరికి వంగింది.

“మొదట అన్నవాళ్ళ పేరు నేను చెప్పకూడదమ్మా. మా దగ్గర ఒక నియమం ఉంది. కానీ రాసింది నేను. తీసేయమని కమిషనర్ గారిని ఒప్పించింది నేను. దీపం వెలుగుతోందో లేదో చూసుకోవాల్సింది కూడా నేనే. నన్ను అడగండి. నన్ను తిట్టండి.”

“మీరు మా కొట్టుకి వచ్చారు కదమ్మా, మీరు తెలుసు,” అంది ఆమె. “మొదట అన్నవాళ్ళని అడుగుతున్నాను.”

నెలల తరబడి సామాజికం గారు ఏ ప్రశ్న కోసం కలలు కన్నాడో, అదే ప్రశ్న. పెద్ద హాలు, కిక్కిరిసిన జనం, అందరూ ఆయన పేరు వినాలనే కాచుకుని ఉన్నారు. ముందుగా సిద్ధం చేసుకున్న నవ్వు ఎక్కడికి పోయిందో తెలీదు. భయం పట్టుకుంది. భద్రత మేడమ్ ఆయన వైపు చూడలేదు. కనీసం కంటి చివరనుంచైనా చూడలేదు. చూసి ఉంటే ఆవిడ్ని తిట్టుకునేవాడు. చూడనందుకు ఇంకా తిట్టుకున్నాడు. ఆఖరికి నిందని కూడా తనే మీదేసుకుని మంచిదనిపించుకుంటోంది చూశావా అనుకున్నాడు. అంత భయంలోనూ ఆ ఆలోచన వచ్చింది ఆయనకి. మనిషి అలాంటివాడు, ఏం చేస్తాం.

మైకు అందుకుని, అలవాటైన గొంతుతో, “తర్వాతి ప్రశ్న,” అన్నాడు.

హాల్లో ఒక్క చెయ్యి లేవలేదు. అంతటి మాట తర్వాత ఎవరడుగుతారు? కాసేపటికి రెండో వరసలో ఒక చెయ్యి లేచింది. ఆయన భార్యది. అత్తగారు మోచెయ్యి పట్టుకుని కిందికి లాగుతోంది. ఆవిడ విడిపించుకుని లేచి నిలబడింది. మైకు ఎవరో అందించారు.

“ప్రశ్న చిన్నదేనండీ,” అంది. “ఆవిడ అడిగినదానికి జవాబు తెలిసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారని నాకు తెలుసు. తమంతట తాము ఒప్పుకుంటే నియమం అడ్డురాదని కూడా తెలుసు. ఒప్పుకుంటారా లేదా? అదొక్కటే అడుగుతున్నాను.”

డైరెక్టర్ గారు మొదటి వరసలోంచి వెనక్కి తిరిగి చూశారు. సామాజికం గారికి తల కొట్టేసినట్టయింది. అందరి ముందూ కట్టుకున్న భార్య! కానీ ఆవిడ కళ్ళు చూశాక కోపం నిలవలేదు. నా మాట, నా మాట అని ఆ కళ్ళకే కదా అన్నాళ్ళూ చెప్పుకున్నాడు? ఇప్పుడు కాదంటే ఇంటికెళ్ళి ఆ కళ్ళ ముందు ఏ ముఖం పెట్టుకుని కూర్చుంటాడు?

“నేనే,” అన్నాడు. వినపడలేదేమో అని మళ్ళీ అన్నాడు. “ఆ మాట మొదట అన్నది నేనే.” వెంటనే, ఎవరూ అడక్కుండానే, “అయితే నేను దీపాలు కూడా వేయమన్నానమ్మా. ఔట్‌పోస్టు ఒక్కటే తీయమనలేదు. మీటింగు కాగితాల్లో ఉంటుంది,” అన్నాడు. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే ఆయనకే రోత పుట్టింది.

గొడుగులాయన భార్య ఆయన్ని తేరిపార చూసింది. కోపంగా కాదు. ఇన్నాళ్ళూ ఎలా ఉంటాడో అని ఊహించుకున్న మనిషిని పోల్చుకుంటున్నట్టు చూసింది.

“మా సందుకి ఎప్పుడైనా వచ్చారా బాబూ?”

“లేదమ్మా.”

“సరే,” అని తలూపి కూర్చుంది. కూర్చున్నాక మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భద్రత మేడమ్ తన కాగితాలు బల్ల మీదే వదిలేసి, వేదిక దిగి, జనం మధ్యలోంచి వెనకవరస దాకా నడిచి వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. ఆమె మేడమ్ చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. సామాజికం గారు మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ముగింపు మాటలు ఏం చెప్పాడో ఆయనకి గుర్తులేదు. చప్పట్లయితే ఎవరూ కొట్టలేదు.

సభ నడిపినవాడు కాబట్టి, జనమంతా వెళ్ళిపోయాక గానీ ముగ్గురూ కారెక్కలేదు. వెనక సీట్లో అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటోంది. గేటు దాటి మలుపు తిరిగాక ఆయనే నోరు తెరిచాడు.

“చెప్పాను కదా. అంతమంది ముందూ చెప్పాను. అయినా చూశావా? ఆమె పట్టుకున్నది ఆవిడ చెయ్యే. దాంట్లో కూడా ఆవిడకే...”

“ఆవిడ దిగి వెళ్ళి పక్కన కూర్చుందండీ,” అంది భార్య. “మీరు పైనే నిలబడ్డారు.”

ఆయన కారు పక్కకి తీసి ఆపేశాడు. కోపం తెచ్చుకుందామని చూశాడు. ఎవరి మీద తెచ్చుకోవాలో తేలలేదు. అప్పుడు చెప్పాడు, మెట్ల మలుపు దగ్గర ఆవిడ కలిసి రాద్దామని అడిగిందనీ, ఆవిడ బోర్లా పడాలని తనే వద్దన్నాడనీ. భార్య విన్నది. అయ్యో అనలేదు, భుజం నిమరలేదు.

“ఆ సందు ఎక్కడో నీకు తెలుసా?” అన్నాడు చివరికి.

“నాకేం తెలుసు? ఆవిడకి తెలుసు. అడగండి.”

ఫోన్ తీశాడు. ఆవిడ నంబరు ఎప్పట్నించో ఉంది, ఎన్నడూ నొక్కిన పాపాన పోలేదు. అవతల రెండు సార్లు మోగి, “చెప్పండి సార్,” అని వినపడింది. వెనకాల బండ్ల హారన్లు, ఎవరో మగమనిషి దగ్గు.

“అమ్మా, ఆ గొడుగుల కొట్టుకి దారి చెప్పాలి.”

“గడియారాల బజారు దాటాక ఎడమ చేతి వైపు రెండో సందు సార్. మొదట్లో చీకటిగా ఉంటుంది, చూసుకుని రండి. నేను ఇక్కడే ఉన్నాను.”

ఇక్కడే ఉన్నాను! అప్పుడు కూడా ఆయన కడుపు భగ్గున మండింది. అయినా కారు వెనక్కి తిప్పాడు.